మిర్చి ఏరే కాలంలో శిక్షణ

జనగామ
26 సెప్టెంబర్ 2011

తమ్ముడు రాజేందర్‌కు,

మల్లన్న దయతో ఇక్కడ క్షేమం. నీకు ఫోన్ కలిసినా మాట సగంలో తెగిపోతోంది. అందుకే రాస్తున్నాను. బస్సులు లేవు, ఇది ఎప్పుడు చేరుతుందో తెలియదు.

తెలంగాణ సమ్మె మొదలైనప్పటి నుంచి మీ బావ డిపో ముందు టెంటులోనే ఉంటున్నారు. ఇన్నేళ్ళు కండక్టరుగా బస్సులో నిలబడ్డారు, ఇప్పుడు బస్సులకు ఎదురుగా కూర్చున్నారు. నిన్న రోడ్డు మీదే వంటావార్పు జరిగింది. "ఇంట్ల వండినదానికంటె గిదే మంచిగున్నది" అని వచ్చి చెప్పారు.

నా బడి కూడా మూతపడింది. ప్రధానోపాధ్యాయురాలిని కనుక తాళం వేయించిందీ నేనే. పొద్దున పూజ కాగానే అలవాటు కొద్దీ బడి చీర కట్టుకుంటాను. తర్వాత గుర్తొస్తుంది.

జూలైలో నీ తండాకు వచ్చినప్పుడు చూసిన పాఠం ఈ ఖాళీ రోజుల్లో మనసులో మెదులుతోంది. పిల్లలు కందిగింజలు కుప్పలు పోసి, వాళ్ళ లంబాడీ మాటలో కొట్లాడుకుంటూ భాగహారం చేశారు. నువ్వు మూలన చాప మీద కూర్చుని చూశావు. నేను ఇన్నేళ్ళ ఉద్యోగంలో తరగతి గదిలో అంతసేపు నోరు మూసుకుని కూర్చోలేదు.

మహబూబాబాద్‌లో రజిత, పిల్లలు ఎలా ఉన్నారు? వారానికోసారైనా వెళ్ళి వస్తున్నావా? వేళకు తిను.

నీ అక్క
వజ్రమ్మ


ఏటిగడ్డ తండా, కొత్తగూడ మండలం
9 అక్టోబర్ 2011

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం దసరా దాటాక అందింది. రజిత వాళ్ళు బాగానే ఉన్నారు. బండి మీద పోయి పండుగ చేసుకుని వచ్చాను.

ఇక్కడ బడికి తాళం వేసి, తలుపుకు జెండా కట్టాను. తండా నాయక్ మోతీలాల్ గుర్తున్నాడు కదా? కోడిగుడ్లు వండిస్తానంటే శనివారం ఒక్కపొద్దని వద్దన్నావు, ఆయనే. రాస్తారోకోకు తండా అంతా వచ్చింది. ఆయన అక్కడ అందరి ముందూ అన్నాడు, "సారూ, బడి మూస్తె తెలంగాణ వస్తదంటున్నరు. మా బడి ఏడాదిల సగం దినాలు మూసే ఉంటది గద. మాకెప్పుడో రావాలె." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గదికి వచ్చాక నవ్వు రాలేదు.

ఆయన మాటలో తప్పేముంది? నేనొక్కడినే పంతులును. నాకు జ్వరం వచ్చినా తాళమే, మండలంలో మీటింగైనా తాళమే, శిక్షణైనా తాళమే.

నా భయం వేరే ఉంది. సంక్రాంతి దాటగానే తండాలో సగం మంది మిర్చి ఏరడానికి గార్ల దిక్కు పోతారు. పిల్లలను వెంట తీసుకుపోతారు. ఐదో తరగతిలో ఐదుగురున్నారు. అందులో చాందీ అనే పిల్లను నువ్వు చూశావు, గింజల కుప్ప దగ్గర అందరినీ అదిలించిన పిల్ల. ఎండకాలంలో గురుకులం పరీక్ష రాస్తే తప్పకుండా సీటు వస్తుంది. దాని అక్క కూడా ఇట్లాగే ఐదో తరగతిలో మిర్చికి పోయింది. మళ్ళీ బడి ముఖం చూడలేదు. చాందీ చదువు నిలవాలంటే సంక్రాంతి తర్వాత అది తండా కదలకూడదు. బడి తెరవగానే దాని తల్లి మంగ్లీతో, నాయక్‌తో మాట్లాడతాను.

బావను ఎండలో ఎక్కువ తిరగవద్దని చెప్పు.

తమ్ముడు
రాజేందర్


జనగామ
6 నవంబర్ 2011

తమ్ముడు రాజేందర్‌కు,

బడులు తెరిచారు. సమ్మెలో పోయిన రోజులకు బదులుగా ఆదివారాలూ పని చేస్తున్నాం. ఈ ఉత్తరం కూడా ఆదివారం బడిలో కూర్చునే రాస్తున్నాను. పిల్లలు ఆవలిస్తున్నారు. టీచర్లు వాళ్ళకంటే ముందు ఆవలిస్తున్నారు. రాష్ట్రం సంగతి ఎవరూ మాట్లాడటం లేదు, అలసిపోయారు.

దీనికి తోడు శిక్షణలు. ఆగిపోయినవన్నీ మార్చిలోపు పూర్తి చేయాలట. జనవరిలో భూపాలపల్లిలో ప్రధానోపాధ్యాయులకు, ఏకోపాధ్యాయ బడుల వాళ్ళకు కలిపి పది రోజులు నాయకత్వ శిక్షణ. దానికి నన్ను బాధ్యురాలిని చేశారు. మోకాళ్ళు సహకరించడం లేదని చెప్పాను. కుర్చీ వేయిస్తామన్నారు.

ఎప్పుడూ పుస్తకం చూసి చదివే శిక్షణలే కదా. ఈసారి నిజంగా పాఠం చెప్పేవాళ్ళు వచ్చి తమ అనుభవం చెబితే బాగుంటుందన్నాను. పేర్లు ఇమ్మన్నారు. మొదట నీ పేరే రాశాను. నిన్ను అడగలేదు. అక్కను కనుక ఆ మాత్రం చనువు ఉందనుకున్నాను.

వజ్రమ్మ


ఏటిగడ్డ తండా
20 నవంబర్ 2011

అక్కకు నమస్కారం.

నా పేరు రాసినందుకు సంతోషం. నేనంత చెప్పగలవాడినేమీ కాదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర తుల్సీరాం సార్ ఉన్నాడు, నాకంటే బాగా చెబుతాడు. జనవరిలో ఇక్కడ చలి కూడా ఎక్కువ. భూపాలపల్లికి నర్సంపేట చుట్టూ తిరిగి రావాలి.

దీపావళికి మోతీలాల్ ఇంట్లో భోగ్ పెట్టారు. నిప్పుల మీద నెయ్యి, బెల్లం అన్నం వేసి మొక్కుతారు. నన్నూ కూర్చోబెట్టారు. మంగ్లీ వాళ్ళు కూడా వచ్చారు. పిల్లల గురించి అక్కడ ఒక మాట అనుకున్నాం. వివరంగా మళ్ళీ రాస్తాను.

శిక్షణ సంగతి నీ ఇష్టం అక్కా.

రాజేందర్


జనగామ
4 డిసెంబర్ 2011

తమ్ముడు రాజేందర్‌కు,

నా ఇష్టమన్నావు కనుక నీ పేరు ఖాయం చేశాను. చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు. మెచ్చుకుంటే తలుపు చాటుకు పోతావు. చలికి మంచి రగ్గు తెచ్చుకో. తుల్సీరాం సార్‌నూ పిలిచాం.

నీ బడి గురించి నాకూ ఆలోచన ఉంది. ఆ పది రోజులు అక్కడ తలుపు తీయడానికి మనిషిని పంపమని మాట్లాడాను. మండలం నుంచి బడులు చూసుకునే సీఆర్పీ ఒకడు వస్తాడన్నారు. ఆ చింత పెట్టుకోకు.

భోగ్‌లో కూర్చున్నావని చదివి మనసు నిండింది. ఏ ఇంటి దేవుడైనా దేవుడే. ఇంట్లో దీపం పెట్టమంటే తప్పించుకునేవాడివి, అక్కడైనా కూర్చున్నావు.

ఇంకొక మాట. కొత్తగూడ దిక్కు ఉపాధ్యాయ సంఘం వాళ్ళు కొందరు ఈ శిక్షణలకు పోవద్దంటున్నారని విన్నాను. నువ్వు వెనుకాడటానికి అదే కారణమైతే నాతో నేరుగా చెప్పు.

అక్క


ఏటిగడ్డ తండా
18 డిసెంబర్ 2011

అక్కకు,

సంఘం నన్నేమీ అనలేదు. నేను ఎవరో ఆపితే ఆగేవాడినని నువ్వు అనుకున్నావు, అది కొంచెం కష్టంగా అనిపించింది.

జనవరి చివర మిర్చి ఏరే వాళ్ళ కోసం గార్ల నుంచి బండ్లు వస్తాయి. ఆ రోజుల్లో నేను తండాలో ఉంటే బాగుంటుంది. తేదీలు మార్చే వీలుంటే చూడు. లేకుంటే సరే.

రజితకు జర జ్వరం ఉండె, తగ్గింది.

రాజేందర్


జనగామ
27 డిసెంబర్ 2011

రాజేందర్‌కు,

నిన్ను నొప్పించాలని రాయలేదు.

తేదీలు మార్చడం కుదరదు. కుదిరినా, తమ్ముడి కోసం మార్చిందంటారు. వేరే ఎవరు అడిగినా ఇదే చెప్పేదాన్ని. సీఆర్పీ వస్తాడు కదా. రజితను పాలలో మిరియాలు వేసుకుని తాగమను.

అక్క


భూపాలపల్లి
24 జనవరి 2012

రాజేందర్‌కు,

శిక్షణ సగం అయింది. నిన్న మధ్యాహ్నం భోజనాల తర్వాత నీ కుర్చీ ఖాళీగా ఉంది. బయట ఉన్నావేమో అనుకున్నాను. సాయంత్రం మీ గదికి వెళితే రగ్గు కూడా లేదు. ఫోన్ కలవలేదు.

నిన్న హన్మకొండలో తెలంగాణ సభ ఉందని మరో ఇద్దరు కూడా సగంలో వెళ్ళారు. వాళ్ళు నాకు చెప్పి వెళ్ళారు. వద్దన్నాను, అయినా వెళ్ళారు. నువ్వు చెప్పనైనా చెప్పలేదు. హాజరు పట్టీలో నీ సంతకం గడి ఖాళీగా వదిలాను. మిగతా వాళ్ళకు ఏ న్యాయమో నీకూ అదే.

నీ మాటల తర్వాత అందరూ చప్పట్లు కొట్టినప్పుడు నేను అమ్మను తలుచుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర కూడా వాళ్ళు నీ గింజల పాఠం గురించే మాట్లాడారు. ఒక హెడ్మాస్టరు గారు మాత్రం ఆ కందిగింజలు మండలం నుంచి సరఫరా చేస్తారా అని అడిగారు.

మంచి మాటలు చెప్పి, నిలబడకుండా పోతే, విన్నవాళ్ళు ఏం నేర్చుకుంటారు?

అక్క


ఏటిగడ్డ తండా
2 ఫిబ్రవరి 2012

అక్కకు,

నేను సభకు పోలేదు. తండాకు వచ్చాను.

ఆ రోజు భోజనాల దగ్గర పోస్ట్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, మీ బడి పోరగాండ్లు డీసీఎం ఎక్కుతున్నరు" అన్నాడు. నీకు చెప్పి పోదామని హాలులోకి వచ్చాను. నువ్వు పెద్ద సార్లతో కూర్చున్నావు. అక్కడికి వచ్చి నిలబడే ధైర్యం లేకపోయింది. బస్సులో పొద్దు గూకింది. నేను చేరేసరికి డీసీఎం వ్యాన్ పోయింది.

దీపావళి నాటి మాట నీకు పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ నిప్పుల ముందు మంగ్లీ వాళ్ళు ఏమన్నారంటే, "మేం ఏరుడుకు పోయినా ఐదో తరగతి పిల్లలను ముసలోల్ల దగ్గర ఇడిసిపెడ్తం. గని బడి ఒక్క దినం గుడ మూయొద్దు. బడి లేని నాడు ముసలోల్లు పిల్లలను ఆపలేరు, వాగుల పడతరు, గుట్టల పడతరు." నేను సరే అన్నాను. వాళ్ళు నిప్పు వైపు చెయ్యి చాపి చెప్పారు. నేనూ చాపాను. తండాలో అంతకంటే పెద్ద కాగితం లేదు.

నువ్వు మాట్లాడిపెట్టిన సీఆర్పీ మంచివాడే. మొదటి రోజు వచ్చి తలుపు తీశాడు. రెండో రోజు ఆయనను ఇంకో శిక్షణకు పిలిచారట, వరంగల్‌కు. అక్కడ నేర్పింది బడి మానే పిల్లలను ఆపడం ఎట్లా అనే. ఆయనే ఫోన్‌లో చెప్పాడు, పాపం సిగ్గుపడుతూ.

తాళం చూసి మూడు రోజులు ఆగారట. మోతీలాల్ నన్ను తిట్టనైనా తిట్టలేదు. "మేం మాట తప్పలే సారూ. తలుపు నువ్వు మూసినవు. బడి లేదాయె, పిల్లలను ముసలోల్లు ఎట్ల ఆపాలె? ఎక్కించినం" అన్నాడు. తర్వాత, "పోనీ, శిక్షణల ఏం చెప్పినవ్?" అని అడిగాడు. పిల్లలకు పాఠం ఎట్లా చెప్పాలో చెప్పానన్నాను. బీడీ పారేసి లోపలికి పోయాడు.

ఐదో తరగతి ఐదుగురూ పోయారు. చాందీ పోయింది. చిన్న తరగతుల వాళ్ళతో బడి నడుపుతున్నాను.

నీ ఇష్టం అని రాశాను కదా అక్కా. వద్దు అని నా మనసు. చలి అన్నాను, దూరమన్నాను, తుల్సీరాం సార్ పేరు చెప్పాను. అమ్మ పోయాక మా ముగ్గురినీ పెంచింది నువ్వు. నీకు వద్దని చెప్పడం మాలో ఎవరికీ రాదు. చెల్లెకు నువ్వు చూసిన సంబంధం కూడా అది ఇట్లాగే చేసుకుంది. ఆ సంబంధం మంచిదే అయింది, అది వేరే సంగతి.

నా సంతకం గడి ఖాళీగానే ఉండనీ.

రాజేందర్


జనగామ
19 ఫిబ్రవరి 2012

తమ్ముడు రాజేందర్‌కు,

నీ ఉత్తరం దేవుడి ముందు పెట్టి, రెండు రోజుల తర్వాత మళ్ళీ తీసి చదివాను. చెల్లె గురించి రాసింది కూడా చదివాను. దాన్ని నేను అడగాల్సింది.

సెలవు పెట్టి, మీ బావను వెంట తీసుకుని గార్ల వెళ్ళాను. బస్టాండులో దిగగానే ఆయన చాయ్ బండి దగ్గర, కిరాణం దగ్గర అందరినీ ఏటిగడ్డ తండా వాళ్ళు ఎక్కడని అడిగారు. ఎండ నడినెత్తికి రాకముందే చేను దొరికింది.

చాందీ నన్ను గుర్తుపట్టింది. నమస్తే టీచర్ అని మళ్ళీ వంగి ఏరసాగింది. మంగ్లీ మాత్రం చెయ్యి ఆపలేదు.

"సారు ఏడి?" అంది.

"బడి తెరిచి కూర్చున్నాడు."

"ఎవల కోసం తెరిసిండు?"

"నీ బిడ్డ కోసం."

చాలాసేపు ఏరుతూనే ఉంది. గంప నిండాక లేచి, "నువ్వు సారుకు ఏమైతవ్?" అని అడిగింది.

"అక్కను. ఆయన్ని శిక్షణకు పిలిపించింది నేనే. ఆయన తప్పు లేదు."

"గట్లనా. సారుకు అక్కవైతివి. మరి ఆయన మాటిచ్చిండని నీకు ఎరుకలేదా?"

ఎరుక లేదన్నాను. నమ్మలేదు. "మా తమ్మునికి ఏం నొప్పైనా నాకు ఎరుకైతది" అంది. నేనూ మీలాగే నిప్పు ముందు మాట ఇస్తానన్నాను.

గట్టు మీద ఎండుపుల్లలు అంటించి బెల్లం ముక్క వేశారు. ఆ పుల్లల్లో మిరప కట్టె ఏదో కలిసింది. అందరం దగ్గుతూ కళ్ళు తుడుచుకున్నాం. మీ బావ దూరంగా నిలబడి, "ఈమె పూజల ఏడ్వంగ ఇదే మొదలు సూసుడు" అన్నారు. నేను నిప్పు వైపు చెయ్యి చాపి, మిర్చి ఏరడం అయ్యేవరకు రాజేందర్‌ను బడి నుంచి నేను పిలవను, నా చేత ఎవరూ పిలిపించలేరు అని చెప్పాను. పిల్లలను పంపమని అడగలేదు. అడిగే హక్కు ఉందనిపించలేదు.

"సూస్తం" అంది మంగ్లీ. అంతే.

నేను చేసింది సరిపోతుందో లేదో తెలియదు. సంతకం గడిలో "బడి కోసం వెళ్ళారు" అని రాయించాను. నువ్వు ఖాళీగా ఉండనీ అన్నావు, కానీ అది నిజం కాదు కదా.

అక్క


ఏటిగడ్డ తండా
11 మార్చి 2012

అక్కకు నమస్కారం.

నువ్వు గార్ల పోయినట్టు నీ ఉత్తరం కంటే ముందే తండాకు తెలిసింది. మీ అక్క పొగకు ఏడ్చిందా, నిజంగా ఏడ్చిందా అని మోతీలాల్ అడిగాడు. నాకేం తెలుసు అన్నాను.

మొన్న చాందీ వచ్చింది. ఏరే వాళ్ళలో ఒక ముసలామెకు కాలు వాచి ఇంటికి వస్తుంటే మంగ్లీ ఆమె వెంట పంపింది. పిల్ల వేళ్ళు మంటకు పెన్సిల్ పట్టడం లేదు. కొబ్బరినూనె రాసి, నోటితో చెప్పించుకుంటున్నాను. చాలా మరిచిపోయింది. కొంత మరిచిపోలేదు. రోజూ ఇంటికి పోయే ముందు, "సార్, రేపు గుడ బడుంటదా?" అని అడిగి పోతోంది. ఇంతకు ముందు ఎప్పుడూ అడిగేది కాదు.

మిగతా నలుగురు రాలేదు. ఇద్దరి తండ్రులు ఇంకో చేనుకు పోయారట. వాళ్ళు వస్తారని నాకు నమ్మకం లేదు.

శిక్షణ రెండో విడతకు నన్ను పిలుస్తూ నిన్న ఉత్తర్వు వచ్చింది. నా మాటలు అందరికీ నచ్చాయని అందులో రాశారు. కింద పేరు నీది కాదు, పై అధికారిది. అయినా జవాబు నీ ద్వారానే పంపమన్నారు.

అక్కా, నేను రాను.

రాజేందర్


జనగామ
18 మార్చి 2012

తమ్ముడు రాజేందర్‌కు,

రాను అన్నది చదివాను. చదివి మీ బావకు ఇచ్చాను. ఆయన కూడా చదివి, "గిప్పుడు పెద్దోడైండు" అన్నారు. నీకు నలభై దాటాయని గుర్తు చేశాను.

నీ జవాబు పై వాళ్ళకు పంపాను. కారణం అనే చోట "బడి ఉంది" అని రాశాను. అధికారి ఫోన్ చేశారు. "బడి అందరికీ ఉన్నది గదమ్మా, అది కారణమెట్ల అయితది?" అన్నారు. ఆ బడికి అతనొక్కడేనని చెప్పాను. ఆయనా అలసిపోయిన మనిషే. తర్వాత, "సరే, ఇంకో పేరు చెప్పు" అన్నారు.

నా దగ్గర మంచి పేర్లు ఉన్నాయి. ఒక్కొక్కరికీ ముందు ఉత్తరం రాసి అడుగుతాను, వారం పడుతుంది అన్నాను. అంత టైం లేదన్నారు. అయితే పేరు లేదన్నాను.

వజ్రమ్మ